వెంటాయ్, రూఫస్, ఎచర్: పెన్‌డ్రైవ్ బూట్ కాకపోతే ఏది మేలు?

లినక్స్ పెన్‌డ్రైవ్ పెట్టి ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే మళ్లీ విండోసే వస్తుంది. వెంటనే చాలామంది బయోస్‌లోకి (ల్యాప్‌టాప్ ఆన్ అవగానే నడిచే మూల సెట్టింగ్స్‌లోకి) వెళ్లి కనిపించిందల్లా మార్చేస్తారు. తేడా పెన్‌డ్రైవ్‌లో ఉందో సెట్టింగ్స్‌లో ఉందో తేలకుండా ఇలా చేస్తే చిక్కు ఇంకా ముదురుతుంది. వెంటాయ్, రూఫస్, ఎచర్ మూడూ బూట్ అయ్యే పెన్‌డ్రైవ్ తయారుచేసే టూల్స్. తప్పు ఎక్కడుందో వీటిలో ఏది త్వరగా తేలుస్తుందన్నదే నేను చూస్తాను.

ఎచర్ సంగతి రెండు ముక్కల్లో చెప్పొచ్చు. ఐఎస్ఓ (లినక్స్ మొత్తం ఉన్న డౌన్‌లోడ్ ఫైల్), డ్రైవ్ ఎంచుకుని ఫ్లాష్ నొక్కడమే. రాసింది సరిగ్గా పడిందో లేదో అదే సరిచూస్తుంది. మ్యాక్‌లోనూ నడుస్తుంది. కానీ బూట్ కాకపోతే మార్చి చూడటానికి అందులో ఏమీ ఉండదు.

రూఫస్ విండోస్‌లో మాత్రమే నడుస్తుంది. స్టార్ట్ నొక్కగానే చాలా లినక్స్ ఐఎస్ఓలకు ఒక ప్రశ్న అడుగుతుంది: ఐఎస్ఓ మోడ్‌లో (లోపలి ఫైళ్లు విప్పి) రాయాలా, డీడీ మోడ్‌లోనా (ఉన్నదున్నట్టు నకలుగా)? ముందు ఐఎస్ఓ మోడ్ చాలు. బూట్ కాకపోతే అదే ఫైల్‌ని డీడీ మోడ్‌లో మళ్లీ రాయండి. డీడీలో రాశాక విండోస్ ఆ డ్రైవ్‌ని గుర్తించలేక ఫార్మాట్ చేయమనొచ్చు. కంగారుపడి ఓకే నొక్కొద్దు, పెన్‌డ్రైవ్ బాగానే ఉంటుంది.

వెంటాయ్ దారి వేరు. ఒకసారి ఇన్‌స్టాల్ చేస్తే ఆ తర్వాత ఐఎస్ఓలను మామూలు ఫైళ్లలా కాపీ చేయడమే. ఉబుంటు, ఫెడోరా, మింట్ లాంటి లినక్స్ రకాలన్నీ (డిస్ట్రోలు) ఒకే పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోవచ్చు. నాకు నచ్చేది ఏ ఐఎస్ఓ కావాలో అడిగే దాని మెనూ. మెనూ వచ్చి ఆ తర్వాత ఆగిపోతే ల్యాప్‌టాప్ పెన్‌డ్రైవ్‌ని చదివినట్టే. ఇక ముందు అనుమానించాల్సింది ఐఎస్ఓని, దాని చెక్‌సమ్ (ఫైల్ పాడవలేదని తేల్చే కోడ్) సైట్‌లో ఇచ్చినదానితో సరిపోతోందా చూసుకోవాలి. మెనూయే రాకపోతే అప్పుడు బయోస్ వైపు వెళ్లాలి.

సెక్యూర్ బూట్ (నమ్మిన సంతకం ఉన్నవాటినే బూట్ కానిచ్చే బయోస్ సెట్టింగ్) ఆన్‌లో ఉంటే మాత్రం వెంటాయ్ మొదటిసారి నీలి స్క్రీన్ మీద 'వెరిఫికేషన్ ఫెయిల్డ్' అని చూపిస్తుంది. టెన్షన్ పడక్కర్లేదు. ఓకే కొట్టి, కౌంట్‌డౌన్ అయిపోయేలోపు ఏదో ఒక కీ నొక్కి, 'ఎన్‌రోల్ కీ ఫ్రమ్ డిస్క్'లో వెంటాయ్ ఇచ్చిన కీ ఎంచుకుని రీబూట్ చేస్తే సరి. రూఫస్‌తో రాసిన ఉబుంటుకి ఈ తతంగం అక్కర్లేదు, అది సెక్యూర్ బూట్‌తోనే లేస్తుంది. ఆర్చ్ లినక్స్ అధికారిక ఐఎస్ఓ లేవదు, దానికి సెక్యూర్ బూట్ ఆపాల్సిందే. ఆపే ముందు బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కి వేసే తాళం) రికవరీ కీ రాసిపెట్టుకోండి, లేకపోతే విండోస్‌లోకి తిరిగి వెళ్లలేకపోవచ్చు.

ఒక్కసారి ఉబుంటు వేసుకుని వదిలేసేవాళ్లకి రూఫస్ మేలు. నాలుగైదు డిస్ట్రోలు మార్చి చూసేవాళ్లకి, పదిమంది ల్యాప్‌టాప్‌లు బాగుచేసి పెట్టేవాళ్లకి వెంటాయే. ఏది వాడినా బయోస్‌లోని బూట్ ఆర్డర్ (ముందు దేన్నుంచి లేవాలో చెప్పే వరుస) జోలికి పోకుండా, విండోస్‌లో షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కి, 'యూజ్ ఎ డివైస్'లో పెన్‌డ్రైవ్ కనిపిస్తోందేమో ముందు చూడండి.