కోడ్ చెప్పింది, కారణం చెప్పలేదు: మూడేళ్ల స్కానర్ అనుభవం

కారులో నమోదైన లోపాల కోడ్‌లు చదివే ఈ స్కానర్ నా దగ్గరికి వచ్చి మూడేళ్లు దాటింది. ఎయిర్ సస్పెన్షన్ ఉన్న, అంటే ఇనుప స్ప్రింగులకు బదులు గాలి తిత్తుల మీద నిలబడే, నా పాత జర్మన్ సెడాన్ కోసమే కొన్నాను. విజయవాడ సత్యనారాయణపురంలో ఇంటి ముందు రాత్రి నిలిపితే తెల్లవారేసరికి ఎడమ వెనుక మూల కూలబడి ఉండేది. స్టార్ట్ చేస్తే గాలి నింపే కంప్రెసర్ రొద పెట్టి మెల్లగా పైకి లేపేది. “కారుకు కూడా మోకాళ్ల నొప్పులేనా?” అని ఎదురింటి మామ్మగారు రోజూ పరామర్శించేవారు.

మొదట 600 రూపాయల బ్లూటూత్ రీడర్ కొన్నాను. అది ఇంజిన్ సంగతులు తప్ప ఏమీ చెప్పలేదు. తప్పు దానిది కాదు. ‘పీ’తో మొదలయ్యే కోడ్‌లు ఇంజిన్, గేర్‌బాక్సులవి, సస్పెన్షన్‌వి ‘సీ’ కిందికి వస్తాయి. వాటిని చదవాలంటే ఆ కారు కంట్రోల్ యూనిట్ భాష తెలిసిన స్కానర్ కావాలి. అలా 16,000 వదిలింది.

తగిలించగానే కోడ్ వచ్చింది: కంప్రెసర్ పరిమితికి మించి నడిచింది. ఆటోనగర్‌లో ఒక గ్యారేజీకి తీసుకెళ్తే కంప్రెసర్ పోయిందన్నారు. నాకూ అదే తోచింది. తెర మీద దాని పేరే ఉంది మరి. 42,000 పెట్టి మార్పించాను. నాలుగు నెలలకు మళ్లీ అదే కోడ్.

గాలి ఎక్కడో పోతుంటే నింపలేక అలసిన కంప్రెసర్ మొరపెట్టుకుంది. మేము ఫిర్యాదుదారునే దొంగగా పట్టుకున్నాం.

ఈసారి టేపు తీశాను. రాత్రి నాలుగు చక్రాల దగ్గరా చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా కొలిచి రాసుకున్నాను. పొద్దున చూస్తే మూడు మూలలు దాదాపు అలాగే ఉన్నాయి, ఎడమ వెనుకది మాత్రం 60 మిల్లీమీటర్లు దిగింది. ఒక్క మూలే దిగిందంటే వెతకవలసింది ఆ మూల బెల్లో (రబ్బరు గాలి తిత్తి), దాని పైపు, దాని వాల్వు. జాకీ మీద లేపి సబ్బు నీళ్లు చల్లితే ఒక్క బుడగా రాలేదు. చక్రం వేలాడుతున్నప్పుడు బెల్లో మీద బరువు ఉండదు, లోపల ఒత్తిడి తగ్గుతుంది. కారును చక్రాల మీదే నిలబెట్టే ర్యాంపు ఎక్కించి చల్లాక రబ్బరు ముడతలో నురగ పొంగింది. బెల్లోతో పాటు కంప్రెసర్‌కు కరెంటు ఇచ్చి ఆపే స్విచ్, రిలే కూడా మార్పించాను. అంతంత సేపు నడిచిన రిలే అతుక్కుపోతే కంప్రెసర్ ఆగక కాలిపోతుంది.

స్కానర్ డబ్బులు నిజంగా రాబట్టింది ఆ తర్వాత, సెన్సర్ల అంకెలను అప్పటికప్పుడు చూపే లైవ్ డేటాతో. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు బావమరిది కోసం సింగ్ నగర్ వైపు బయలుదేరి, చక్రాలు సగం మునిగే నీళ్ల దాకా వెళ్లి వెనక్కి తిప్పాను. కొన్ని నెలలకు హెచ్చరిక లైటు వెలిగింది. కారు కదలకుండా నిలబడి ఉన్నా తెర మీద కుడి ముందు ఎత్తు మాత్రం గంతులు వేస్తోంది. వైరు కొద్దిగా కదిపితే అంకె ఎగిరింది. ఎత్తు సెన్సర్ కనెక్టర్ విప్పితే పచ్చటి చిలుము. శుభ్రం చేయడానికి పట్టిన ఖర్చు ఒక టీ డబ్బులు. సెన్సర్ విప్పి బిగించాం కనుక, కొలతలు ఇచ్చి ఎత్తును మళ్లీ సరిచేసే పని కూడా ఈ స్కానరే చేసింది.

చిరాకులూ ఉన్నాయి. మే నెలలో డాష్‌బోర్డు మీద మరిచిపోతే తెర నల్లబడి, ఇంట్లోకి తెచ్చి చల్లబడ్డాక గానీ తేరుకోలేదు. బ్యాటరీ బలహీనంగా ఉన్న రోజున నాలుగైదు ఉత్తుత్తి కోడ్‌లు చూపి కంగారు పెడుతుంది. అది స్కానర్ తప్పని తిట్టుకున్నాను, నిజానికి వోల్టేజి తగ్గితే కారే వాటిని నమోదు చేస్తుంది. కోడ్‌లు చెరిపే బటన్ మరీ చేతికి అందేలా పెట్టారు. రాసుకోకుండా ఒకసారి నొక్కేశాను, మళ్లీ లోపం కనబడడానికి వారం పట్టింది.

ఏడాది తర్వాత అప్‌డేట్లకు విడిగా డబ్బు కట్టాలి. ఈసారి కట్టలేదు. నా కారు మారనప్పుడు దాని గురించి కొత్తగా ఏం నేర్చుకుంటుంది?