ఆఫీసు ఇచ్చే కంటి పరీక్ష బాగుంది, కళ్లజోడు మాత్రం అడిగి సాధించుకోవాలి

రోజంతా కంప్యూటర్ తెర ముందు కూర్చునే ఉద్యోగులకు మా సంస్థ కంటి పరీక్షను ఉచితంగా చేయిస్తోంది. తెర పనికి కళ్లద్దాలు అవసరమని తేలితే వాటి ఖర్చును ఒక పరిమితి వరకు తానే భరిస్తోంది. పలు శాఖలున్న ఒక కళ్లజోళ్ల దుకాణంతో ఇందుకోసం ఒప్పందం చేసుకున్నారు. ఈ సౌకర్యాన్ని పూర్తిగా వాడుకున్నాక నాకు కలిగిన అభిప్రాయం ఇది: పరీక్ష వరకు పథకం చక్కగా నడుస్తోంది, కళ్లజోడు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఉద్యోగికి కాస్త ముందస్తు అవగాహన లేకపోతే సంస్థ డబ్బూ అతని శ్రమా రెండూ వృథా అయ్యే అవకాశం ఉంది.

దరఖాస్తు గురించి పెద్దగా చెప్పడానికేమీ లేదు. ఆన్‌లైన్ ఫారం నింపితే వోచర్ మెయిల్‌లో వస్తుంది, దాన్ని చూపించి దుకాణంలో సమయం తీసుకోవచ్చు. ఇప్పటికే కళ్లజోడు వాడుతున్నారా, తలనొప్పి ఉందా, కళ్లు మండుతున్నాయా అని ఫారంలో అడుగుతారు. అయితే మీ కంటికీ తెరకూ మధ్య దూరం ఎంత అన్న ప్రశ్న అందులో ఎక్కడా కనిపించదు. ఈ లోటు ఎంత పెద్దదో పరీక్ష గదిలో కూర్చున్నాకే అర్థమవుతుంది.

పరీక్ష హడావుడిగా సాగలేదని ముందుగా చెప్పాలి. మొదట ఒక యంత్రం ముందు గడ్డం ఆనించమన్నారు. లోపల పొడవాటి రోడ్డు, దాని చివర రంగుల బెలూన్, అది మసకబారుతూ స్పష్టమవుతూ ఉండగా యంత్రం పవర్‌ను రమారమిగా లెక్కగడుతుంది. తర్వాత కంటిలోకి గాలి ఊది లోపలి పీడనం చూశారు, దీపం పెట్టి కంటి పైపొరను పరిశీలించారు. రెండు కళ్లూ కలిసి పనిచేస్తున్నాయో లేదో తెలుసుకోవడానికి ఒక్కో కన్నూ మూసి తెరిచి చూశారు. నీటికాసుల వంటి జబ్బు మొదట్లో ఏ బాధా లేకుండానే ముదురుతుంది కనుక, తెర పని పేరుతోనైనా ఇన్ని తనిఖీలు జరగడం ఈ పథకంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది. అక్షరాల పట్టిక చదివించడం ముగిశాక ఆప్టోమెట్రిస్టు, "మీ కంప్యూటర్ మీ ముఖానికి ఎంత దూరంలో ఉంటుందండీ?" అని అడిగారు. బయలుదేరే ముందే టేపు పెట్టి కొలిచాను కనుక 65 సెంటీమీటర్లని చెప్పగలిగాను. ఆమె చిన్న అక్షరాల కార్డును అంత దూరంలో నిలిపి లెన్సులు మార్చి మార్చి చూపించారు. చాలామంది ఆ ప్రశ్నకు "మామూలు దూరమేనండీ" అని చెప్పి ఊరుకుంటారని, అప్పుడు పుస్తకం చదివే దూరానికే పవర్ రాయాల్సి వస్తుందని అన్నారు.

ఆ తేడా చిన్నదేమీ కాదు. నలభై దాటాక కంటిలోని సహజ లెన్సు బిరుసెక్కి, దగ్గరి వస్తువు మీద చూపు నిలిపే శక్తి తగ్గుతుంది. మనం చత్వారం అనేది దీన్నే. 40 సెంటీమీటర్ల దూరంలో పట్టుకున్న పుస్తకం స్పష్టంగా కనిపించాలంటే 2.5 డయాప్టర్ల (లెన్సు శక్తిని కొలిచే ప్రమాణం ఇది) శక్తి కావాలి, 65 సెంటీమీటర్ల దూరంలోని తెరకైతే ఒకటిన్నర సరిపోతుంది. అందుకే చదువుకునే కళ్లద్దాలు పెట్టుకుని తెర చూస్తే అక్షరాలు మసకగా కనిపించి, మనిషి తెలియకుండానే ముందుకు వంగుతాడు. దూరపు చూపుకూ దగ్గరి చూపుకూ పవర్ ఒకే అద్దంలో పైనుంచి కిందికి మారుతూ వచ్చే ప్రోగ్రెసివ్ లెన్సుల్లో తెర దూరానికి పనికొచ్చే భాగం సన్నగా ఉంటుంది కాబట్టి, దాన్ని వెతుక్కుంటూ గడ్డం పైకెత్తి కూర్చోవాలి, సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. ఆఫీసు పనికోసమే చేసే లెన్సుల్లో తెర దూరానికి పనికొచ్చే ఆ భాగం వెడల్పుగా ఉంటుంది. నాకు రాసినవి అవే, వాటితో తెర ఈ అంచు నుంచి ఆ అంచు దాకా తల తిప్పకుండానే కనిపిస్తోంది. వాటితో రోడ్డు మీదికి వెళ్లకూడదన్నది వేరే సంగతి.

నలభై లోపు వారిలో చాలామందికి ప్రత్యేకమైన కళ్లజోడు అవసరం ఉండకపోవచ్చు. మామూలుగా నిమిషానికి పదిహేను ఇరవై సార్లు కొట్టుకునే రెప్పలు తెర చూస్తున్నప్పుడు బాగా తగ్గిపోతాయి, కన్ను ఎండిపోయి మంట పుడుతుంది. దానికి లెన్సు మందు కాదు. 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలో ఉన్న దేన్నైనా 20 సెకన్లు చూడమనే సలహా, ఏసీ గాలి సూటిగా ముఖానికి కొట్టకుండా కుర్చీ జరుపుకోవడం, అవసరమైతే చుక్కల మందు చాలు. మా సహోద్యోగి ఒకరికి ఇదే చెప్పి పంపారు, కళ్లజోడు అంటగట్టలేదు. పరీక్ష గది నిజాయితీకి అది నిదర్శనం.

కౌంటర్ దగ్గర మాత్రం ఆ నిజాయితీ కొంత పలచబడింది. వోచర్‌కు వచ్చే ఫ్రేములు ఒకే అరలో ఉన్నాయి, ఫరవాలేదు, ముక్కు మీద సరిగ్గా కూర్చునేవి దొరికాయి. కానీ వోచర్ కింద ఒకే పవర్ ఉన్న సాదా లెన్సులే వస్తాయని, ఆప్టోమెట్రిస్టు రాసిన ఆఫీసు లెన్సులకు తేడా సొమ్ము నేనే కట్టాలని అక్కడే తెలిసింది. పైగా అమ్మకందారు నీలి కాంతిని అడ్డుకునే పూత వేయించుకోమని పట్టుబట్టారు. వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2023లో వెలువరించిన సమీక్ష పదిహేడు ప్రయోగాల ఫలితాలను చూసి, అలాంటి లెన్సులు మామూలు లెన్సులతో పోలిస్తే తెర వల్ల వచ్చే కంటి అలసటను, కనీసం స్వల్పకాలంలో, బహుశా తగ్గించవని తేల్చింది. చేతి సొమ్ము పెట్టాల్సే వస్తే అది లెన్సు రకం మీద, ఆ తర్వాత పైదీపాల ప్రతిబింబాలను తగ్గించే పూత మీద పెట్టడం మేలని నా అభిప్రాయం.

"పూర్తిగా ఆఫీసు పనికి మాత్రమే వాడే కళ్లద్దాలకే సాయం" అన్న షరతు కూడా వోచర్ వెనుక చిన్న అక్షరాల్లో ఉంది. దీన్ని ఐరోపాలోని నియమాలతో పోల్చి చూడటం సముచితం. 1990 నాటి ఐరోపా ఆదేశం 90/270 ప్రకారం తెర పని మొదలుపెట్టే ముందూ, ఆ తర్వాత నిర్ణీత కాలానికోసారీ, చూపులో ఇబ్బంది కలిగినప్పుడూ పరీక్ష పొందే హక్కు ఉద్యోగికి ఉంది, దాని భారం అతని మీద పడకూడదు. బ్రిటన్ 1992 నిబంధనలు అడిగిన వెంటనే పరీక్ష చేయించమంటాయి గానీ, తెర దూరానికి ప్రత్యేకంగా రాసిన కళ్లద్దాలకే యజమాని డబ్బు కట్టాలంటాయి. ఒక రొమేనియా ఉద్యోగి వ్యాజ్యంలో 2022 డిసెంబరులో ఐరోపా న్యాయస్థానం, తెర పనికి సంబంధించిన ఇబ్బందిని సరిదిద్దే కళ్లద్దాలు ఆఫీసు బయట పనికొచ్చినా సరే యజమాని బాధ్యత కిందికే వస్తాయని, జీతంలో కలిపి ఇచ్చే సాధారణ భత్యంతో ఆ బాధ్యత తీరదని చెప్పింది. చట్టం ఉన్నచోట ఇది హక్కు, లేనిచోట సంస్థ దయ. అయినా షరతు రాసేవారు ఈ తీర్పు వైపు ఒకసారి చూసి ఉంటే బాగుండేది.

మెచ్చుకోవలసింది మరొకటి ఉంది. నా కంటి వివరాలేవీ హెచ్ఆర్ విభాగానికి వెళ్లలేదు, కళ్లద్దాలు అవసరమా కాదా అన్న ఒక్క మాటా బిల్లూ మాత్రమే వెళ్లాయి. నచ్చనిది, కాంట్రాక్టు సిబ్బందిని పక్కన పెట్టడం. అవే గంటలు, అదే తెర, మెడలో వేలాడే కార్డు రంగు ఒక్కటే వేరు. వారి కళ్లకు ఆ తేడా తెలియదు కదా. రెండేళ్లకోసారి అన్న గడువు మామూలుగా సబబే గానీ, మధ్యలో ఇబ్బంది మొదలైతే ఏం చేయాలో పథకంలో లేదు. ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో ల్యాప్‌టాప్ మరింత దగ్గరగా ఉంటుంది, ఆఫీసు దూరానికి కొలిచిన లెన్సు అక్కడ సరిపడకపోవచ్చు; ల్యాప్‌టాప్‌ను ఎత్తు మీద పెట్టి విడి కీబోర్డు వాడితే దూరం సర్దుకోవచ్చు.

నలభై దాటినవారు ఈ సౌకర్యాన్ని తప్పకుండా వాడుకోవాలి, అంతకంటే చిన్నవారు పరీక్షైనా చేయించుకోవాలి. వెళ్లేముందు ఆఫీసులోనూ ఇంట్లోనూ తెర దూరం కొలుచుకోండి, పవర్ చీటీ నకలు, అందులో కనుపాపల మధ్య దూరం కూడా రాయించి, చేతికి తీసుకోండి. ఆ దుకాణం ధర నచ్చకపోతే అదే చీటీతో మరోచోట చేయించుకోవచ్చు. ఫారంలో తెర దూరానికి ఒక గడి చేర్చాలని హెచ్ఆర్‌కు రాశాను, వచ్చే ఒప్పందం నాటికి పరిశీలిస్తామని జవాబిచ్చారు.