నవల ముందా, శాసనం ముందా?

వరంగల్ కోటలో తోరణాల పక్కన నిలబడి మా అక్క పిల్లలకు రుద్రమదేవి కథ చెబుతున్నాను. గజదొంగ గోన గన్నారెడ్డి, అతని మెరుపుదాడులు, అన్నాంబికతో ప్రేమ... చేతులు ఊపుకుంటూ మంచి ఊపులో ఉన్నాను. పక్కనే చెట్టునీడన కూర్చున్న పెద్దాయన అంతా విని, "గన్నారెడ్డి నిజమే బాబూ. మీరు చెప్పిందాంట్లో సగం మాత్రం బాపిరాజు గారిది" అన్నారు. మా పెద్ద మేనల్లుడు వెంటనే అందుకున్నాడు. "ఏ సగం మామా?"

నా దగ్గర జవాబు లేదు. చిన్నప్పుడు అడివి బాపిరాజు గారి 'గోన గన్నారెడ్డి' నవల చదివాను, చరిత్ర చదవలేదు. రెండూ కలిసిపోయి ఒకే జ్ఞాపకంగా గడ్డకట్టాయి.

చారిత్రక సాహసాలు, పాత హత్యల చిక్కుముళ్లు చదివేవాళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఈ తిప్పలు తప్పవు. ముందు నవల చదివి నిజం తర్వాత వెతుక్కోవాలా? నిజం తెలుసుకున్నాకే నవల పట్టాలా? ఒక చేత్తో పుస్తకం, ఇంకో చేత్తో ఫోన్ పట్టుకుని రెండూ ఒకేసారి చదివేవాళ్లూ ఉన్నారు. వాళ్ల సంగతి ముందే తేల్చేస్తాను, అది దండగ. రెండో అధ్యాయంలో యువరాజు పేరు కనిపించగానే గూగుల్ చేస్తే, ఫలానా ఏట హత్యకు గురయ్యాడని మొదటి వాక్యంలోనే ఉంటుంది. ఇక మిగతా నాలుగు వందల పేజీలు ఎందుకు?

నవల ముందు చదవడంలో ఉన్న సుఖం నాకు కల్కి రాసిన 'పొన్నియిన్ సెల్వన్'తో తెలిసింది. 1950 నుంచి 1954 దాకా తమిళ వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన కథ. మణిరత్నం సినిమాల పుణ్యమా అని మనవాళ్లకూ బాగా తెలుసు. 10వ శతాబ్దంలో చోళ యువరాజు ఆదిత్య కరికాలుడిని ఎవరు చంపారన్నది అందులో పెద్ద ముడి. కల్కి ఆ ముడిని పూర్తిగా విప్పడు. పుస్తకం మూసేశాక ఒకటే దురద.

అప్పుడు తెలిసింది ఉడయార్‌గుడి శాసనం సంగతి. కడలూరు జిల్లా కాట్టుమన్నార్‌కోయిల్‌లోని అనంతీశ్వర ఆలయం గోడ మీద ఉంటుంది. రాజరాజ చోళుడి రెండో పాలనా సంవత్సరానిది. చూడబోతే అది భూముల వ్యవహారం. ఫలానావాళ్ల బంధువుల ఆస్తులు స్వాధీనం చేసుకున్నారని రాసుకుంటూ పోయి, ఆ ఫలానావాళ్లెవరో కూడా చెబుతుంది. పాండ్యుడి తల తీసిన కరికాల చోళుడిని చంపిన ద్రోహులట. సోమన్, రవిదాసన్, పరమేశ్వరన్. వీళ్లలో ఇద్దరికి బ్రహ్మాధిరాజన్ అనే బిరుదులున్నాయి, అంటే రాజు దగ్గర హోదా ఉన్నవాళ్లే. హంతకుల పేర్లు మన చేతికొచ్చాయి. ఎందుకు చంపారో, వెనక ఎవరున్నారో మాత్రం రాయి చెప్పదు. హత్యకూ శాసనానికీ మధ్య పదిహేనేళ్ల పైమాటే. ఆ మధ్యకాలంలో సింహాసనం మీద ఉన్నది ఉత్తమ చోళుడు. ఇంతకాలం ఏం చేశారు? ఈ ప్రశ్న నన్ను నవల కంటే ఎక్కువ రోజులు నిద్రపోనివ్వలేదు. శాసనం ముందే చదివుంటే అది నాకు వట్టి రెవెన్యూ రికార్డులా కనిపించేది.

ఈ పద్ధతిలో నష్టం కూడా ఉంది. నవల ఇచ్చిన ముఖం మనసులోంచి ఓ పట్టాన చెరగదు. ఆ నవలలోని నందిని కోసం నేను కూడా వెతికాను. ఆమె కల్కి సృష్టి, ఏ రాతి మీదా దొరకదు. ఆ సంగతి తెలిశాక కూడా, చోళుల చరిత్ర ఎక్కడ కనిపించినా ముందు ఆవిడే గుర్తొస్తుంది.

చరిత్ర ముందు చదవాల్సిన కథలు వేరు. బొబ్బిలి యుద్ధమే తీసుకోండి. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు కోటను కూల్చాయి. కొద్ది రోజుల్లోనే బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు, విజయనగరం రాజు విజయరామరాజు గుడారంలో దూరి అతన్ని చంపాడు. బుర్రకథ విన్న ప్రతి తెలుగువాడికీ ఆఖరు తెలుసు కాబట్టి అక్కడ సస్పెన్స్ అంటూ దాచిపెట్టేదేమీ లేదు. అలాంటి కథ మీద ఎవరైనా నవల రాస్తే, మన ఆసక్తంతా రచయిత ఎక్కడ మలుపు తిప్పాడు, ఏది దాచాడు, ఎవరి పక్షాన నిలబడ్డాడు అన్నదాని మీదే. అసలు కథ తెలియకపోతే అవేవీ పట్టుకోలేం.

అందుకే నా లెక్క ఇది. చరిత్రలోనే ఫైలు మూతపడకపోతే నవల ముందు, మూతపడితే చరిత్ర ముందు. ఇంకా తేలని హత్యకు నవలాకారుడు కూడా మనలాంటి పరిశోధకుడే, అతని ఊహ విని తర్వాత మన ఊహ మనం చేసుకోవచ్చు.

రుద్రమదేవి దగ్గర ఈ లెక్క కాస్త తడబడుతుంది, ఎందుకంటే ఆ ఫైలు మూసినట్టే మూసి మళ్లీ తెరిచారు. ఆమె 1295 దాకా పాలించిందని చాలాకాలం అనుకున్నారు. నల్లగొండ జిల్లా చందుపట్లలో దొరికిన 1289 నవంబరు నాటి శాసనం, రాణీ ఆమె సేనాని మల్లికార్జున నాయకుడూ శివసాయుజ్యం పొందారని చెబుతోంది. ఎలా పోయారో చెప్పదు. ఎదురుతిరిగిన సామంతుడు కాయస్థ అంబదేవుడితో పోరులో అని చరిత్రకారుల ఊహ. బాపిరాజు గారు 1952లోనే పోయారు, ఈ శాసనం వెలుగులోకి వచ్చింది ఆ తర్వాత. నవలలో లేదని ఆయన్ని తప్పుపట్టడం అన్యాయం.

పోనీ, ఆ కాలాన్ని కళ్లారా చూసినవాళ్లను నమ్ముదామా అంటే అదీ కష్టమే. మార్కో పోలో కాకతీయుల రేవు మోటుపల్లి పేరుతో ఈ రాజ్యం గురించి రాస్తూ రుద్రమను రాజుగారి భార్య అనేశాడు. నిజానికి ఆమె ఆ రాజు గణపతిదేవుడి కూతురు. అదే అధ్యాయంలో, పాములు తిరిగే లోయల్లోకి మాంసం ముక్కలు విసిరితే గద్దలు ఎత్తుకొస్తాయని, వాటికి అంటుకున్న వజ్రాలు జనం ఏరుకుంటారని కూడా రాశాడు. సింద్‌బాద్ కథల్లోనూ ఇదే ఉంటుంది. యాత్రాకథనం అనే పేరు పెట్టుకుంది కానీ, సాహస నవలకు ఏం తీసిపోయింది?

నిరుడు మేనల్లుడికి రాయచూరు కోట రాయి ఫొటో చూపించాను. 40 అడుగులకు పైగా పొడవున్న ఒకే బండ. గోన గన్నారెడ్డి దగ్గర పనిచేసిన విఠలుడు కోట కట్టించినట్టు దాని మీద 1294 నాటి శాసనం ఉంది. అంతలేసి బండను బండి మీద ఎలా లాక్కొచ్చారో పక్కనే బొమ్మ కూడా గీశారు. వాడు ఆ బొమ్మను పెద్దది చేసి దున్నలను లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

"ఇందులో అన్నాంబిక పేరు ఎక్కడుంది మామా?"

"లేదురా."

"అయితే ఆ తాతగారు చెప్పిన సగం ఇదేనా?" అన్నాడు. అని, ఆ నవల నా షెల్ఫులో ఏ అరలో ఉందో అడిగాడు.