హైదరాబాద్ నుంచి యూరప్ బస్ టూర్: బ్యాక్‌ప్యాక్‌తో వెళ్లేవారికి ఎంతవరకు గిట్టుబాటు?

హిమాయత్‌నగర్, సికింద్రాబాద్, కూకట్‌పల్లి ట్రావెల్ ఆఫీసుల్లో దొరికే యూరప్ కరపత్రాలన్నీ దాదాపు ఒకే అచ్చులో ఉంటాయి. పది రోజులు, ఏడో ఎనిమిదో దేశాలు, పారిస్‌లో మొదలై రోమ్‌లో ముగింపు, లేదంటే అదే దారి తిరగేసి. 45 నుంచి 50 సీట్ల ఏసీ బస్సు, పొద్దున హోటల్లో టిఫిన్, రాత్రి ఇండియన్ భోజనం, వెంట హిందీ, ఇంగ్లిష్ మాట్లాడే టూర్ మేనేజర్. మనిషికి రెండు లక్షలకు పైనే. ఇది ఏ ఒక్క కంపెనీ గురించో రాసిన సమీక్ష కాదు. వీపున ఒక్క సంచీ వేసుకుని, నగరాలను కాలినడకన చూడాలనుకునేవారికి ఈ తరహా టూరు ఎంతవరకు పనికొస్తుందన్నదే ఇక్కడ చూస్తున్నాం.

మా అభిప్రాయం ముందే చెబుతాం. పది రోజుల్లో ఎనిమిది దేశాల ప్యాకేజీ కొనవద్దు. పన్నెండు పదమూడు రోజుల్లో నాలుగైదు దేశాలు, చాలా చోట్ల ఒకే హోటల్లో రెండేసి రాత్రులు ఉండేది దొరికితే మంచి బేరమే. ఎందుకో తెలియాలంటే ముందు డ్రైవర్ పని గంటలు తెలియాలి.

యూరోపియన్ యూనియన్ చట్టం ప్రకారం బస్సు డ్రైవర్ రోజుకు 9 గంటలకు మించి నడపకూడదు. వారానికి రెండుసార్లు మాత్రం 10 గంటల దాకా వెళ్లవచ్చు. నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాల విరామం తప్పనిసరి. ఒక రోజు పని ముగిశాక 11 గంటల విశ్రాంతి ఉండాలి. వారపు సెలవుకీ మరో వారపు సెలవుకీ మధ్య మూడుసార్లు దాన్ని 9 గంటలకు తగ్గించుకునే వీలుంది. ఇదంతా బస్సులోని టాకోగ్రాఫ్ అనే యంత్రంలో నమోదవుతుంది. పోలీసులు ఆపి చూస్తే జరిమానా పడుతుంది కాబట్టి టూర్ మేనేజర్ ఎంత బతిమాలినా డ్రైవర్ ఒప్పుకోడు. ఒప్పుకోకపోవడమే న్యాయం, యాభై మంది ప్రాణాలు అతని చేతుల్లో ఉంటాయి. అంటే పొద్దున 8కి బస్సు కదిలితే, మామూలు రోజున రాత్రి 9కల్లా హోటల్ దగ్గర ఆగాలి.

ఈ లెక్కను ప్రతి కరపత్రంలోనూ కనిపించే ఒక రోజుకు వేసి చూద్దాం: పారిస్ నుంచి బ్రసెల్స్ మీదుగా ఆమ్‌స్టర్‌డామ్. పారిస్‌ నుంచి బ్రసెల్స్ సుమారు 310 కిలోమీటర్లు, అక్కణ్నుంచి ఆమ్‌స్టర్‌డామ్ 210. ట్రాఫిక్ కలుపుకొని గంటకు 80 చొప్పున వేసుకున్నా ఆరున్నర గంటలు సీట్లోనే. డ్రైవర్ విరామం, టాయిలెట్ ఆపడాలు కలిపి గంటన్నర. మధ్యాహ్న భోజనానికి గంట. రాత్రి భోజనానికి ఏడుకల్లా చేరాలి కాబట్టి ఇక బ్రసెల్స్‌కు మిగిలేది రెండు గంటలు. గ్రాండ్ ప్లేస్ చౌక్‌లో నాలుగు ఫొటోలు దిగి, మానెకెన్ పిస్ బొమ్మ దాకా నడిచి, ఒక వాఫిల్ తినేసరికి అవి కాస్తా అయిపోతాయి. కరపత్రంలో మాత్రం అది ‘బెల్జియం’ అని ఒక దేశం కింద లెక్క. అందుకే దేశాలు ఎన్నని కాకుండా ప్రతి నగరంలో బస్సు దిగి ఉండే సమయం ఎన్ని గంటలని అడగండి. రాసివ్వలేని ఆఫీసులో అడ్వాన్స్ కట్టొద్దు.

ఇక కరపత్రంలోని మాటలు. ‘విజిట్’, ‘ఎంట్రీ’, ‘ఫొటో స్టాప్’, ‘ఓరియంటేషన్ టూర్’ అనేవి నాలుగు వేర్వేరు సరుకులు. టికెట్ చేరి ఉన్నది ‘ఎంట్రీ’ ఒక్కటే. ‘ఫొటో స్టాప్’ అంటే పదిహేను ఇరవై నిమిషాలు. ‘ఓరియంటేషన్’ అంటే చాలాసార్లు కిటికీలోంచి చూడటమే. రోమ్‌లో కొలోసియం చాలా ప్యాకేజీల్లో బయటి నుంచే. ఈఫిల్ టవర్ రెండో అంతస్తు 116 మీటర్ల ఎత్తులో ఉంటుంది, పై అంతస్తు 276 మీటర్లలో. మీ టికెట్ ఏ అంతస్తుదో అడిగి తెలుసుకోండి. నగరం చూడటానికి రెండో అంతస్తే మేలు, పైనుంచి చూస్తే భవనాలు మరీ చిన్నవైపోతాయి. వారాలు కూడా సరిచూసుకోవాలి: లూవ్ర్ మ్యూజియం మంగళవారం మూత, వాటికన్ మ్యూజియాలు నెలలో చివరి ఆదివారం తప్ప మిగతా ఆదివారాలు మూత. బస్సు షెడ్యూలు మీ కోసం ఒక రోజు జరగదు. వాటికన్ చర్చిలోకి భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు ఉండాలి. ఎండాకాలం నిక్కర్లతో వచ్చినవారు గుమ్మం దగ్గరే ఆగిపోవాల్సి వస్తుంది.

బస్సు ఊరి నడిబొడ్డుదాకా తీసుకెళ్తుందనుకోవడం ఇంకో పొరపాటు. ఆమ్‌స్టర్‌డామ్‌లో 2024 జనవరి 1 నుంచి ఏడున్నర టన్నులు దాటిన టూరిస్టు బస్సులకు లోపలి నగరంలోకి ప్రవేశం లేదు. వెనిస్‌లో బస్సు ట్రాంకెట్టో ద్వీపం దగ్గరే ఆగుతుంది, అక్కణ్నుంచి శాన్ మార్కో చౌక్‌కు పడవ. ఫ్లోరెన్స్ పాత నగరంలోకి బస్సులు రావు. ఇలాంటి రోజుల్లో ఎనిమిది పది కిలోమీటర్ల నడక మామూలే, అదీ రాళ్లు పరిచిన వీధుల్లో. కొత్త బూట్లతో వెళ్లకండి. కనీసం మూడు వారాల ముందు కొని, కేబీఆర్ పార్కు చుట్టూనో ట్యాంక్‌బండ్ మీదనో రోజూ వాటితోనే నడవండి. పాదం పొక్కితే మిగతా టూరంతా బస్సులో కూర్చోవడమే అవుతుంది.

బ్యాక్‌ప్యాక్ తీసుకెళ్లేవారికి ఈ టూరులో నిజమైన లాభం ఇక్కడే కనిపిస్తుంది. పెద్ద సంచీ బస్సు డిక్కీలో ఉంటుంది, చేతిలో చిన్న సంచీ చాలు. 40 లీటర్ల బ్యాగు, ముందువైపు పూర్తిగా తెరుచుకునే జిప్పు ఉన్నది ఎంచుకోండి. ప్రతి రాత్రీ హోటల్ మారే టూరులో, పైనుంచి మాత్రమే తెరుచుకునే సంచీ అయితే అడుగున ఉన్న చొక్కా కోసం మొత్తం బయట పోయాలి. నిండిన బరువు పది కిలోలు దాటకుండా చూసుకుంటే లిఫ్ట్ లేని హోటల్ మెట్లు ఎక్కడం కష్టం కాదు. నగరంలోకి 15 లీటర్ల సంచీ ఒకటి చాలు. కొలోసియం లోపలికి పెద్ద బ్యాక్‌ప్యాక్‌ను ఎలాగూ రానివ్వరు. పాస్‌పోర్టును మాత్రం బస్సులో, డిక్కీలో, వీపు సంచీలో వదలొద్దు. బట్టల లోపల కట్టుకునే సన్నటి పౌచ్‌లో పెట్టుకోండి. పారిస్ మెట్రో, రోమ్ టెర్మిని స్టేషన్ జేబుదొంగలకు పేరుమోసినవి. పారిస్‌లోని సాక్రే కేర్ చర్చి మెట్ల దగ్గర చేతికి దారం కట్టి డబ్బులడిగే ముఠాలుంటాయి, చేతులు జేబులో పెట్టుకుని ఆగకుండా నడవండి. పాస్‌పోర్టు పోతే పోలీసు రిపోర్టు, ఆ తర్వాత భారత రాయబార కార్యాలయంలో ఎమర్జెన్సీ సర్టిఫికెట్. ఆ పని అయ్యేదాకా బస్సు ఆగదు. నకళ్లు, రెండు ఫొటోలు విడిగా పెట్టుకుంటే ఒక రోజైనా కలిసొస్తుంది.

హోటళ్లే ఈ టూర్లలో అన్నిటికంటే బలహీనమైన భాగం. గది శుభ్రంగానే ఉంటుంది, పడక బాగానే ఉంటుంది, చిక్కంతా దూరంతోనే. పారిస్ హోటల్ ఎయిర్‌పోర్టు వైపు, రోమ్ హోటల్ రింగురోడ్డు అవతల, వెనిస్ హోటల్ మెస్త్రేలోనో ఇంకా అవతల పాదువా దగ్గరో. ‘లేదా అదే స్థాయి హోటల్’ అన్న ముక్క ఉంటే వాళ్లు ఎక్కడైనా దింపవచ్చు. హోటల్ పేరు, ఊరి పేరు తీసుకుని మ్యాపులో పెట్టి చూడండి. కిలోమీటరు లోపు మెట్రో గానీ రైలు స్టేషన్ గానీ ఉందా అన్నదే పరీక్ష. మెస్త్రే స్టేషన్ పక్కనే అయితే రైల్లో పది పన్నెండు నిమిషాల్లో వెనిస్ శాంతా లూచియా స్టేషన్‌లో దిగవచ్చు. అటువంటి హోటల్ ఉంటే చాలు, టూరు విలువ రెట్టింపవుతుంది.

ఎందుకంటే సాయంత్రాలన్నీ రాత్రి భోజనం తినేస్తుంది. డ్రైవర్ గంటలు మిగల్చడానికి గ్రూపును ఆరున్నర, ఏడుకే ఇండియన్ రెస్టారెంటుకు తోలుతారు. జూన్‌లో అప్పటికింకా మూడు గంటల వెలుతురు ఉంటుంది. బ్యాక్‌ప్యాకర్లు రెండు మూడు రాత్రులైనా ఆ భోజనం వదులుకోవాలని మా సలహా. పొద్దునే టూర్ మేనేజర్‌కు మెసేజ్ పెట్టి చెప్పండి, నగరంలోనే ఉండిపోయి మెట్రోలో హోటల్‌కు చేరండి. ఆఖరి రైలు ఎన్నింటికో ముందే చూసుకోండి.

భోజనం సంగతి. ఇండియన్ రెస్టారెంటు అంటే పంజాబీ పద్ధతి: పప్పు, ఆలూ గోబీ, కోడికూర, అన్నం, రొట్టె. చారు, పచ్చడి ఆశించొద్దు. హోటల్ టిఫిన్‌లో బ్రెడ్డు, చీజ్, సీరియల్స్, ఉడికించిన గుడ్లు, పెరుగు దొరుకుతాయి. పెరుగు పుల్లగా ఉండదు, అన్నంలోకి బాగానే సరిపోతుంది. ఇంటి నుంచి ఏం తీసుకెళ్లాలన్న దగ్గర చాలామంది తప్పు చేస్తారు. యూరోపియన్ యూనియన్ దేశాల్లోకి బయటి ప్రయాణికులు మాంసం, పాల పదార్థాలు తేకూడదు. అంటే చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి, నెయ్యి సీసా, పాలకోవా వద్దు. పచ్చి కరివేపాకు, బంగినపల్లి పళ్లు కూడా వద్దు, వాటికి మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. కందిపొడి, పప్పుల పొడి, కరివేపాకు కారం, గోంగూర పచ్చడి, ఆవకాయ నిక్షేపంగా పట్టుకెళ్లవచ్చు. ఆవకాయలో పైనూనె వంచేసి ముక్కా పిండీ మాత్రమే చిన్న డబ్బాలో నింపి, రెండు జిప్ కవర్లలో పెట్టి, చెక్-ఇన్ బ్యాగులోనే వేయండి. చేతి సంచీలో పెడితే 100 మిల్లీలీటర్ల నిబంధన కింద శంషాబాద్‌లోనే తీసేయించే ప్రమాదం ఉంది.

చాలా హోటల్ గదుల్లో కెటిల్ ఉండదు. ఇంటి కెటిల్ తీసుకెళితే వోల్టేజీ సమస్య లేదు, అడాప్టర్‌తోనే ఇబ్బంది. 1500 వాట్ల కెటిల్ ఆరున్నర యాంపియర్లు లాగుతుంది. ఆరు యాంపియర్ల చౌక అడాప్టర్ వేడెక్కి కరుగుతుంది. పది యాంపియర్లదే కొనండి. స్విట్జర్లాండ్ సాకెట్ ఆరు పలకల గుంతలా ఉంటుంది కాబట్టి లావాటి గుండ్రని జర్మన్ ప్లగ్గు అందులో దూరదు. సన్నటి రెండు పిన్నుల ఫోన్ చార్జర్ మాత్రం ఈ దేశాలన్నిటిలోనూ నేరుగా పడుతుంది.

తాగే నీళ్లకు డబ్బు పెట్టక్కర్లేదు, కుళాయి నీళ్లు తాగవచ్చు. రోమ్ వీధుల్లోని ‘నసోనే’ కుళాయిలు రోజంతా పారుతూనే ఉంటాయి. కొనాల్సి వస్తే ఇటలీలో ‘నతురాలే’ అని ఉన్నది చూడండి, ‘ఫ్రిజాంతే’ అంటే గ్యాస్ నీళ్లు. టాయిలెట్‌కు మాత్రం చిల్లర కావాలి. జర్మనీ హైవేల మీద చాలాచోట్ల ఒక యూరో, దానికి వచ్చే కూపన్‌ను అక్కడి దుకాణంలో వాడుకోవచ్చు. స్విట్జర్లాండ్‌లో కరెన్సీ ఫ్రాంకు. జర్మనీలో ఆదివారం సూపర్ మార్కెట్లు మూసి ఉంటాయి, బ్రెడ్డూ పళ్లూ శనివారమే కొనుక్కోవాలి.

స్విట్జర్లాండ్‌లో టిట్లిస్, యుంగ్‌ఫ్రావ్‌యోక్ అనే మంచు కొండల స్టేషన్లు రెండూ పెట్టిన ప్యాకేజీలున్నాయి. ఒకటి చాలు. టిట్లిస్ పై స్టేషన్ 3,020 మీటర్లు, యుంగ్‌ఫ్రావ్‌యోక్ 3,454 మీటర్లు. రెండు చోట్లా మంచే, రెండో రోజును లూసెర్న్ పాత ఊరికి ఇవ్వడం మేలు. జూన్‌లోనైనా పైన చలి గట్టిగా ఉంటుంది, ఒక థర్మల్, ఒక గాలి ఆపే జాకెట్ చాలు.

వీసా విషయంలో క్లుప్తంగా. యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసా ఫీజు 2024 జూన్ నుంచి పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 11 ఏళ్ల పిల్లలకు 45. వీసా సెంటర్ సర్వీసు చార్జీ వేరే. ప్రయాణ తేదీకి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు. ఎక్కువ రాత్రులు ఉండే దేశానికే దరఖాస్తు పెట్టాలి. ఇన్సూరెన్సు కనీసం 30,000 యూరోలకు ఉండాలి. పాస్‌పోర్టు తిరుగు ప్రయాణం తర్వాత మూడు నెలలు చెల్లాలి. లండన్ కలిసిన టూరు అయితే బ్రిటన్ వీసా విడిగా తీసుకోవాలి, అదంతా వేరే ఖర్చు, వేరే అపాయింట్‌మెంట్. వీసా తిరస్కరిస్తే ఫీజు వెనక్కి రాదు. ప్యాకేజీ డబ్బులో ఎంత కోత పడుతుందో తేదీలవారీగా రాయించుకోండి. టిప్పులు, సిటీ ట్యాక్స్, మధ్యాహ్న భోజనాలు, ‘ఆప్షనల్’ అని రాసినవన్నీ కూడి చూస్తేనే అసలు ధర తెలుస్తుంది. ప్యాకేజీ మీద ముందుగానే వసూలు చేసే పన్ను (టీసీఎస్) మాత్రం ఐటీ రిటర్ను వేసినప్పుడు సర్దుబాటవుతుంది, రసీదు జాగ్రత్త చేయండి.

ఆప్షనల్‌లో అన్నిటికంటే ఎక్కువగా అమ్మేది పారిస్ ‘ఇల్యూమినేషన్ టూర్’, అంటే రాత్రి దీపాల వెలుగులో నగరం చూపించడం. జూన్‌లో పారిస్‌లో సూర్యుడు రాత్రి పదికి కాస్త ముందు అస్తమిస్తాడు. ఈఫిల్ దీపాలు చీకటి పడ్డాకే, అదీ గంట గంటకు ఐదు నిమిషాలు మెరుస్తాయి. డ్రైవర్ సమయం అప్పటికే అయిపోతుంది, వెలుతురులోనే తిప్పి తెచ్చేస్తారు. వేసవి సెలవుల్లో వెళ్లేవారు దానికి డబ్బు కట్టక, మెట్రోలో త్రొకదేరో స్టేషన్‌కు వెళ్లి చూసుకోవడం మంచిది. సెప్టెంబరు చివర, దసరా సెలవుల సమయంలో వెళ్తే ఎనిమిది లోపే పొద్దుగూకుతుంది. రెండు రాత్రులు పారిస్‌లోనే ఉండే ప్యాకేజీ అయితే, బస్సు తొమ్మిదికి బయలుదేరే రోజున ఆ టూరు పెట్టించమనండి.