హెర్మిటేజ్‌లో అర్ధరోజు: ఒక గైడు సేవ, నాన్నగారి ప్రశ్న

గత ఏప్రిల్‌లో మమ్మల్ని చూడటానికి వచ్చిన నాన్నగారి కోసం, టెన్నెసీ రాష్ట్రంలోని నాష్‌విల్ శివార్లలో ఆండ్రూ జాక్సన్ నివసించిన హెర్మిటేజ్ ఎస్టేటును చూపించడానికి ఒక ప్రైవేటు గైడును అర్ధరోజుకు మాట్లాడుకున్నాం. వాహనం వేళకు వచ్చింది, గైడు పెద్దవారి నడకకు తగ్గట్టు నెమ్మదిగా నడిచారు. ముప్పై ఏళ్లు చరిత్ర పాఠం చెప్పిన నాన్నగారు కారెక్కగానే అడిగిన ప్రశ్న ఒకటే: 1829 నుంచి 1837 వరకు అమెరికా అధ్యక్షుడిగా ఉన్న ఈ జాక్సన్ ప్రజాపక్షపాతా, ప్రజాకర్షకుడు మాత్రమేనా? ఈ సేవ విలువను ఆ ప్రశ్నకు దొరికిన జవాబుతోనే కొలుస్తున్నాను.

జాతీయ బ్యాంకుతో జాక్సన్ పోరాటాన్ని గైడు చెప్పిన తీరు మెచ్చుకోదగ్గది. ధనవంతులు ప్రభుత్వాన్ని తమ స్వార్థానికి వంచుకుంటున్నారంటూ జాక్సన్ 1832 జులైలో జాతీయ బ్యాంకు చార్టరును (నడిపే అనుమతిని) పొడిగించే బిల్లును వీటో చేయడం, మరుసటి ఏడాది నుంచి ప్రభుత్వ డిపాజిట్లను ప్రత్యర్థులు ‘పెంపుడు బ్యాంకులు’ అని ఎద్దేవా చేసిన రాష్ట్ర బ్యాంకులకు మళ్లించడం, భూముల బేరాలు చెలరేగాక 1836లో ప్రభుత్వ భూములకు బంగారం, వెండే చెల్లించాలని ఆదేశించడం, 1837లో సంక్షోభం విరుచుకుపడటం, వీటన్నిటినీ ఒకే గొలుసుగా చూపించారు. ఆ సంక్షోభానికి మరో కారణంగా, బ్రిటన్‌లో అప్పు పుట్టడం కష్టమైన సంగతినీ విడవలేదు. వీటో భాష సామాన్యుడిదే అయినా సొమ్ము చేరింది స్థానిక బ్యాంకు యజమానుల దగ్గరికేనని నాకు అక్కడే స్పష్టమైంది.

జాక్సన్ సహచరుడు, ఆయన తర్వాత అధ్యక్షుడైన మార్టిన్ వాన్ బ్యూరెన్ న్యూయార్క్‌లో పెంచిన పార్టీ యంత్రాంగాన్నీ, అనుయాయులకు పంచిన ప్రభుత్వ కొలువులనూ చూస్తే జాక్సన్ డెమొక్రటిక్ పార్టీ పగ్గాలు జనం కన్నా నిర్వాహకుల చేతిలోనే ఉన్నాయన్న గైడు అభిప్రాయంతో ఏకీభవిస్తాను. ఆస్తి లేని శ్వేతజాతి పురుషులకు చాలా రాష్ట్రాల్లో జాక్సన్ గెలవకముందే ఓటు దక్కింది. వారిని కూడగట్టడమే ఆ పార్టీ ఘనత. ఇదే టెన్నెసీ 1834 రాజ్యాంగంలో స్వేచ్ఛ పొందిన నల్లవారి ఓటును తీసేసిందని మాత్రం నాన్నగారే గుర్తుచేయాల్సి వచ్చింది.

నాకు బాధ కలిగించిన లోపం ఇక్కడే ఉంది. ప్రతినిధుల సభలో 102–97 ఓట్లతో గట్టెక్కిన 1830 నాటి చట్టం మూలవాసులను వారి భూముల నుంచి తరిమేయడానికి దారి తీస్తే, దానికి రెండు నిమిషాలే కేటాయించారు. ‘జనం’లో ఎవరిని లెక్కించారో చెప్పకుండా ఈ ప్రశ్నకు జవాబు లేదు. జాక్సన్ చనిపోయేనాటికి ఆ కుటుంబం కింద సుమారు 150 మంది బానిసలుండేవారు. వారిలో ఒకరైన ఆల్ఫ్రెడ్, విముక్తి తర్వాతా అక్కడే ఉండి, వృద్ధాప్యంలో సందర్శకులకు ఆ ఇంటిని తిప్పి చూపించేవారు. 1901లో ఆయనను జాక్సన్ సమాధి దగ్గరే పూడ్చారు. మేము అడిగాకే గైడు ఆ సమాధి దగ్గర ఆగారు, ఆగాక మాత్రం అరగంట మనసుపెట్టి చెప్పారు. ఈ సేవను ఎంచుకునేవారు ఆ అరగంటను బుకింగు సమయంలోనే అడిగి పెట్టించుకోండి.