చెక్‌లిస్టా, తాళమా? ప్లాంట్‌లో ఏది మేలు?

గాజువాక, పరవాడ వైపు మెయింటెనెన్స్‌లో కొత్తగా చేరిన కుర్రాళ్లు తిప్పి తిప్పి ఇదే అడుగుతున్నారు, అన్నా మోటార్ మీద పనికెళ్లే ముందు చెక్‌లిస్ట్ నింపుతున్నాం కదా మళ్లీ కరెంటు ఆపే బ్రేకర్‌కి తాళం ఎందుకు, డబుల్ పని కాదా అని.

విమానాల కథ ఒకటి చెప్తే సగం తేలిపోద్ది. 1935 అక్టోబర్ 30న అమెరికాలో బోయింగ్ మోడల్ 299 అనే బాంబర్ టెస్ట్ ఫ్లైట్‌లో లేచిన కాసేపటికే కూలింది. నడిపినోళ్లు బాగా చెయ్యి తిరిగినోళ్లే, నేల మీదున్నప్పుడు గాలికి తోక భాగాలు ఊగకుండా వేసే లాక్ తియ్యడం మర్చిపోయారు, అంతే. పైలట్ల చెక్‌లిస్ట్ అప్పట్నుంచే గట్టిగా వాడుకలోకొచ్చింది. ఆ డిజైనే బీ-17గా యుద్ధానికెళ్తే అక్కడ ఇంకో తలనొప్పి, దిగాక ఫ్లాప్‌లు (రెక్కల వెనక అంచున కిందికీ పైకీ కదిలే పలకలు) ఎత్తబోయి చక్రాలు ఎత్తేసేవాళ్లు, విమానం పొట్ట మీద కూలబడేది. ఆల్ఫన్స్ చపానిస్ అనే సైకాలజిస్ట్ వెళ్లి చూస్తే రెండు మీటలూ పక్కపక్కనే, అచ్చు ఒకేలా ఉన్నాయి. ఒకదానికి బుల్లి చక్రం, రెండోదానికి ఫ్లాప్ ఆకారం ముక్క తగిలించాడు, చేత్తో తడిమితే ఏది ఏదో తెలిసిపోవాలని. చెక్‌లిస్ట్ పుట్టిన విమానంలోనే, తాళం లాగా చేతికి తగిలే ఈ ఏర్పాటు కూడా కావాల్సొచ్చింది, చూశారా!

నేను చూసేది ఒక్కటే, దాటేస్తే ఎవరికైనా తెలుస్తుందా? సీ షిఫ్ట్‌లో, అంటే నైట్ డ్యూటీలో, తెల్లారి అయిదింటికి, ప్రొడక్షన్ వాళ్లు ఫోన్ మీద ఫోన్ కొడుతుంటే, గ్యాస్ మీటర్ ఇంకా స్టోర్లోంచి రాకముందే గ్యాస్ టెస్ట్ గడిలో టిక్కు పడిపోద్ది. నిజంగా చేసి పెట్టిన టిక్కుకీ దానికీ కాగితం మీద తేడా ఏం కనపడదు. తాళం అలా కాదు. బ్రేకర్‌కి ఆరు చిల్లుల హాస్ప్ (ఒకేచోట చాలా తాళాలు పట్టే కొక్కెం) తగిలిస్తే, దానికి ఎలక్ట్రీషియన్, ఫిట్టర్, కాంట్రాక్ట్ హెల్పర్ ఎవరి తాళం వాళ్లు వేస్తారు, తాళంచెవి ఎవరి జేబులో వాళ్లకే. దాటాలంటే కట్టర్ తేవాలి, ఇంఛార్జ్ సంతకం పెట్టాలి, నలుగురూ చూస్తారు. అందుకే నా ఓటు తాళానికే.

దీనికీ ఇబ్బందుంది, తాళంచెవి జేబులో పెట్టుకుని ఒకడు బస్సెక్కి కూర్మన్నపాలెం వెళ్లిపోతాడు, వాడు వెనక్కొచ్చేదాకా మోటార్ తిరగదు, తిట్లన్నీ మనకే. పైగా తాళం ముందే ఊహించిన ప్రమాదాన్నే ఆపుతుంది. కొత్త లైన్, ట్రయల్ బ్యాచ్, స్టార్టప్ లాంటి వాటికి చెక్‌లిస్టే నయం, నిన్న తెలిసింది ఇవాళ ఒక లైన్‌గా రాసెయ్యొచ్చు. కాకపోతే ఒకరు పైకి చదవాలి, ఇంకొకరు వాల్వ్ ముట్టుకుని చెప్పాలి.

పోస్టర్లు, సీసీ కెమెరాలు, మెమోలా? ఉంటే ఉండనీండి.

చిన్న యూనిట్ అయితే ముందు మనిషికో తాళం కొనండి. డూప్లికేట్ తాళంచెవి షిఫ్ట్ ఆఫీస్ డ్రాలో పడేస్తే మాత్రం అది కూడా టిక్కుల్లో కలిసిపోద్ది.