లెడ్జరా, కంప్యూటరా?

హనుమకొండలో మేం బ్యాంకులో పొదుపు ఖాతా తెరిచిన రోజుల్లో డబ్బు తీయాలంటే ఇత్తడి టోకెన్ పట్టుకుని కూర్చోవాలి. గుమాస్తా బరువైన లెడ్జర్ దించి, మన పేజీ వెతికి, సంతకం సరిచూసి, నిల్వ చేత్తో రాసేవాడు. ఆ పుస్తకం ఉన్న బ్రాంచిలోనే మన డబ్బు దొరికేది. ఇప్పుడు వరంగల్‌లో వేసింది కరీంనగర్‌లో తీసుకోవచ్చు.

నా లెక్కలో అసలు తేడా మాత్రం వడ్డీలో ఉంది. రోజూ చేత్తో లెక్క కట్టడం కుదరక, నెలలో 10వ తేదీ నుంచి ఆఖరి రోజు దాకా ఉన్న కనీస నిల్వ మీదే వడ్డీ ఇచ్చేవారు. ఎనుమాముల మార్కెట్లో పత్తి అమ్మిన రైతు 12న డబ్బు వేస్తే, ఆ నెలకు దాని మీద పైసా రాదు. ముందే వేసి 28న తీసినా అంతే! బ్యాంకులు కంప్యూటర్లకు మారాకే, రిజర్వ్ బ్యాంక్ ఆదేశంతో 2010 ఏప్రిల్ 1 నుంచి రోజువారీ నిల్వ మీద వడ్డీ మొదలైంది.

లెడ్జర్‌కు ఒక మేలుంది: కరెంటు పోయినా పని ఆగదు. మొన్న వానాకాలంలో సర్వర్ డౌన్ అంటే మా అమ్మ రెండుసార్లు ఉత్తచేతులతో తిరిగొచ్చింది. అయినా నేను కంప్యూటర్ వైపే. పాస్‌బుక్‌లో ఎంట్రీలు మాత్రం తప్పకుండా వేయిస్తాను, అమ్మ తన డబ్బు చూసుకునేది అందులోనే.